కే అంటే కొట్టుడు

మా ఇంటి వడ్ల బస్తాల మీద నల్ల రంగుతో ఒక ఇంగ్లిషు అక్షరం ఉంటుంది: కే. కొనుగోలు కేంద్రంలో అందరి బస్తాలూ ఒక్క తీరుగానే ఉంటాయి కాబట్టి ఎవరి గుర్తు వాళ్లు వేసుకుంటారు. చాలామంది పేరులో మొదటి అక్షరం రాస్తారు, కొందరు సున్నా చుడతారు, మా పక్క పొలం ఆయన ఏకంగా చేప బొమ్మ వేస్తాడు. మా బాపు పేరులో ఆ అక్షరం లేదు. ఇంటి పేరులోనూ లేదు. అయినా ఏటా కే. అది మా ఇంటికి నా వల్ల వచ్చింది, అదీ ఒక అబద్ధం మీద ఎక్కి వచ్చింది. దాని సంగతి చెప్పాలంటే, నేను సాఫ్ట్‌బాల్ ఎంత అన్యాయంగా ఆడేదాన్నో ముందు ఒప్పుకోవాలి.

అప్పుడు నేను రఘునాథపల్లి బడిలో తొమ్మిదో తరగతి. జిల్లాలు విడిపోయి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు అంత పెద్ద ఉమ్మడి జిల్లాకు ఒక్క జట్టు సరిపోయేది. విడిపోయాక జనగామకు ఒకటి, మహబూబాబాద్‌కు ఒకటి, భూపాలపల్లికి ఒకటి కావాల్సి వచ్చింది. జిల్లా చిన్నదైతే అందులో ఆటగత్తె కావడం ఎంత సులువో నన్ను చూస్తే తెలుస్తుంది. మా ఆటల సారు ఒకరోజు తరగతిలోకి వచ్చి ఆడపిల్లలందరినీ వరుసగా నిలబెట్టాడు. మా చేతులు చూడలేదు, కాళ్లు చూడలేదు, తలలు చూశాడు. అందరికన్నా పైన కనిపించిన తల నాది.

"నువ్వు రా," అన్నాడు.

"సార్, నాకు ఆ ఆట రాదు సార్."

"ఎవ్వలకొచ్చు? నాక్కూడ రాదు. అందరం గల్సి నేర్సుకుందాం పా."

సారు అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయన దగ్గర ఉన్నదల్లా నియమాల పుస్తకం జిరాక్సు ప్రతి, ఒక ఫోను, బడ్జెట్ రాని ఆటల మీద అపారమైన ప్రేమ. బంతి కొట్టాక ఉరికి చేరుకోవాల్సిన బేసులు కొనడానికి వీలుకాక ఖాళీ యూరియా సంచుల్లో ఇసుక నింపి కుట్టించాడు. బ్యాటు పట్టుకుని నిలబడే చోట, హోమ్ ప్లేట్ కోసం, ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీని అయిదు మూలలుగా కత్తిరించి మేకులు కొట్టాడు. ఆ ముక్క మీద సగం మీసం, ఒక నమస్కారం మిగిలాయి. మేమంతా ఆ మీసం ఎదుటే ఔటయ్యేవాళ్లం.

ఈ ఆటలో ఔటవడం ఎట్లాగో తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. బంతి విసిరే పిల్ల చెయ్యి కిందనుంచి తిప్పి విసురుతుంది. నువ్వు ఊపి తప్పిస్తే ఒక స్ట్రైక్. ఊపకుండా నిలబడ్డావు, బంతి మాత్రం ప్లేటు మీదుగా నీ చంకలకూ మోకాళ్లకూ నడుమ పోయింది, అదీ స్ట్రైకే. పక్కకు తగిలి బయట పడితే అదీ స్ట్రైకే, కాకపోతే అప్పటికే రెండు అయి ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోరు. మూడయ్యాయా, ఇంటికే. మా చిర్రగోనెలో, అంటే బిళ్లంగోడులో కూడా మూడు దెబ్బలే కదా ఇచ్చేది, మూడు తప్పితే గోనె కర్ర పక్కోళ్ల చేతిలో పెట్టాల్సిందే. అందుకని ఆట మొదటి రోజే అర్థమైంది. అర్థమవడం వేరు, బంతి తగలడం వేరు.

చంకల నుంచి మోకాళ్ల దాకా అన్నారు చూడండి, అక్కడే నాకు గొంతు కోశారు. పొట్టి పిల్లకు ఆ జాగా చిన్నది. విసిరే పిల్ల ఎంత అవస్థ పడ్డా బంతి అందులోకి రాదు, నాలుగు బంతులు అట్లా పోతే అంపైరు దయతో ఫస్ట్ బేస్‌కు నడిపిస్తాడు. నా విషయంలో ఆ జాగా తలుపంత. ఎట్లా విసిరినా ఎక్కడో ఒకచోట అందులో పడేది. ఏ ఎత్తు చూసి నన్ను జట్టులోకి తీసుకున్నారో ఆ ఎత్తే నన్ను ఔట్ చేసేది. ఈ అన్యాయం మీద నేను సారుతో చాలాసార్లు తగువు పెట్టుకున్నాను. ఆయన జిరాక్సు తీసి చూపించేవాడు.

మొదటి మూడు ఆటల్లో నేను బ్యాటు భుజం మీద పెట్టుకుని గుడ్లప్పగించి నిలబడ్డాను. మూడు బంతులు పోయేవి, నేను వాటిని మర్యాదగా సాగనంపేదాన్ని. సారుకు ఒళ్లు మండింది.

"సూసుకుంట నిలవడ్డవేంది? సీన్మ నడుస్తుందా ఆడ? ఊపు! తగులకున్నా మంచిదే, ఊపు!"

నాకు రోషం ఎక్కువ. నాలుగో ఆట నుంచి వచ్చిన ప్రతి బంతినీ ఊపాను. కాళ్ల దగ్గరికి వచ్చినదాన్ని, నెత్తి మీద పోయినదాన్ని, పక్కనున్న చెట్టు దాకా పోయినదాన్ని కూడా వదల్లేదు. ఒక చిన్న చిక్కు ఉంది. భయం వల్ల ఊపేటప్పుడు కళ్లు మూసుకునేదాన్ని. కాబట్టి ఫలితం మారలేదు, గాలి మాత్రం బాగా వీచింది.

లెక్క రాసేది మా తెలుగు మేడం. అక్షరాల విషయంలో ఆవిడకు మహా పట్టింపు. జిరాక్సులో ఉన్న గుర్తులన్నీ నేర్చుకుని అచ్చుగుద్దినట్టు రాసేది. ఊపి తప్పించి మూడు స్ట్రైకులకు ఔటైతే కే అని రాయాలట. ఊపకుండా చూస్తూ నిలబడి ఔటైతే ఆ అక్షరాన్నే అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలట. నా వరుసలో మొదట తిరగబడ్డ కేలు, తరువాత నిటారు కేలు. తిరగబడ్డ అక్షరం తిన్నగా నిలబడింది కాబట్టి నేను మెరుగుపడ్డానని మేడంతో వాదించాను. ఆవిడ నవ్వి ఒక పెన్సిలూ స్కేలూ ఇచ్చి, వచ్చే ఆటకు గీతలు కొట్టుకురమ్మని ఆట లెక్క రాసే పుస్తకం ఇంటికి పంపింది.

నేను వాకిట్లో చాప మీద కూర్చుని గీతలు కొడుతుండగా బాపు వచ్చాడు. పొద్దుటి నుంచీ యూరియా కోసం లైన్‌లో నిలబడి, చెప్పులు లైన్‌లో పెట్టి చెట్టు నీడకు పోయి, తిరిగి వచ్చేసరికి స్టాకు అయిపోయిందని విని, ఉత్త చేతులతో వచ్చిన రోజది. మొహం కందిపోయి ఉంది. నీళ్లు తాగి నా పక్కన కూర్చుని పుస్తకంలోకి తొంగిచూశాడు.

"గీ గళ్లల్ల అక్షరాలేంది బిడ్డా?"

"ఎవలెట్ల ఆడిండ్రో రాస్తరు బాపూ."

"నీ వరుస ఏది?"

చూపించాను. బాపు వేలు పెట్టి ఆ వరుస మొత్తం చూశాడు. మిగతా పిల్లల వరుసల్లో ఒకటో రెండో ఉన్న కేలు నా వరుసలో జాతర చేస్తున్నాయి. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"అందరికన్న నీకే ఎక్కువున్నయ్ గదనే! కే అంటే ఏంది?"

నిజం చెప్పడానికి నోరు తెరిచాను. ఆ కందిన మొహం చూసి నోరే దారి తప్పింది.

"కే అంటే... కొట్టుడు బాపూ."

"మరి గీ ఉల్టా కే?"

"అది ఎడమదిక్కు కొట్టుడు."

ఆ రెండో మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. అబద్ధానికి కూడా కొంచెం వివరం ఉంటే బాగుంటుందనిపించింది, అంతే.

మరునాటికి చాయ్ హోటల్‌లో తెలిసింది. మూడో రోజుకు పాలకుర్తిలో ఉన్న మా చిన్నమ్మకు తెలిసింది. వారం తిరిగేసరికి భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పనిచేసే మా మేనమామకు ఫోనులో తెలిసింది. ఆయన తన షిఫ్టు వాళ్లందరికీ చెప్పాడు. "నా మేనకోడలు కుడిదిక్కూ కొడతది, ఎడమదిక్కూ కొడతది," అని.

ఆ యేడు చివరి పోటీలు భూపాలపల్లిలోనే అన్నప్పుడు నాకు జ్వరం తెచ్చుకుందామనిపించింది. బాపు మాత్రం అప్పటికే తెల్ల అంగీ ఇస్త్రీకి ఇచ్చేశాడు.

"మీ మామ ఆడనే ఉండె. నేను గూడ వస్త. వచ్చే యేడు పదోతరగతి, ఇగ ఆటలు బంద్. ఒక్కసారన్న కండ్లార సూస్త."

నేను ఆ యేడంతా ఒక్కసారి కూడా ఫస్ట్ బేస్ మీద కాలు పెట్టలేదు. నడిపించలేదు, కొట్టలేదు, పొరపాటునైనా చేరలేదు. బాపు యూరియా సంచి కోసం లైన్‌లో నిలబడి తిరిగొచ్చినట్టే నేనూ ఆ యూరియా సంచిని దూరం నుంచి చూసి తిరిగొచ్చేదాన్ని. ఇక మిగిలింది ఒక్క ఆట. దాంట్లో ఒక్కసారి, బాపు చూస్తుండగా, ఆ సంచి మీద నిలబడాలి. గెలుపుతో నాకు పని లేదు. సంచి చాలు.

ఆ వారం సారు వెంట పడ్డాను. ఆయన ఓపికగా చాలా చెప్పాడు. నాకు బుర్రకెక్కింది ఒక్కటే. బ్యాటు సరైన చోట తగిలితే చేతులకు ఏమీ తెలియదట, వెన్నలో కత్తి దిగినట్టు పోతుందట. మరొక విషయం కూడా చెప్పాడు. మూడో స్ట్రైక్ బంతిని వెనకాల కీపరు గట్టిగా పట్టుకోవాలట. పట్టకుండా కింద పడేస్తే, ఫస్ట్ బేస్ ఖాళీగా ఉంటే, లేదా అప్పటికే ఇద్దరు ఔటై ఉంటే, మనం ఉరకవచ్చట. బంతి కంటే ముందు చేరితే ఔట్ కాదట. మేమందరం పకపకా నవ్వాం. క్రికెట్ చూసి పెరిగిన పిల్లలం, ఔటంటే ఔటే. ఔటయ్యాక ఉరకడమేమిటి? సారు జిరాక్సు తీశాడు. ఎవరూ చూడలేదు.

భూపాలపల్లిలో మైదానం బాయి కార్మికుల క్వార్టర్ల పక్కనే. మొదటి షిఫ్టు దిగినవాళ్లు స్నానాలు చేసి, చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చి గట్టు మీద కూర్చున్నారు. మధ్యలో మా మామ, ఆయన పక్కన ఇస్త్రీ అంగీలో మా బాపు. మాకు ఎదురుగా మహబూబాబాద్ జట్టు. వాళ్ల కీపరు గంగారం వైపు అడవి పల్లె పిల్ల, పిట్ట ఎగిరిపోతున్నా పట్టేసేట్టుగా ఉంది. ఆ పిల్లను చూసి సారు నిట్టూర్చాడు.

అంపైరు మొదటిసారి "స్ట్రైక్!" అని అరవగానే గట్టు మీద కలకలం పుట్టింది.

"ఏందే, స్ట్రైకా? ఏ యూనియనోళ్లిచ్చిండ్రు?"

"నోటీసియ్యకుంటనే?"

రెండు నిమిషాల్లో మూడు స్ట్రైకులై మా పిల్ల ఒకతె బయటికి వచ్చింది. ఒక పెద్దాయన ముక్కు మీద వేలేసుకున్నాడు.

"మూడు స్ట్రైకులకే పంపిస్తరా? గిట్లయితె మేమెన్నిసార్లు ఇంటికి వోవాలె!"

అంపైరు ఎంత గట్టిగా అరిస్తే గట్టు అంత గట్టిగా నవ్వేది. ఆ తరువాత ప్రతి స్ట్రైకుకూ వాళ్లు "జిందాబాద్" అని బదులిచ్చారు. ఆ జిందాబాదుల నడుమ నేను మొదటిసారి వెళ్లి, కళ్లు మూసుకుని మూడుసార్లు గాలిని కొట్టి వచ్చాను. గట్టు మీదనుంచి బంతి ఎటు పోయిందో సరిగ్గా కనిపించదు. బాపు లేచి లెక్క రాసే బల్ల దగ్గరికి నడిచాడు.

"మేడం, మా బిడ్డకేం రాసిండ్రు?"

"కే అండీ."

"శాబాష్!" అని బాపు చప్పట్లు కొట్టాడు. గట్టు మీద మామా కొట్టాడు. మా మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుని బాపు వైపు వింతగా చూసింది. నాకు నేల చీలిపోతే బాగుండునని అనిపించింది.

రెండోసారి కూడా అదే తంతు. మూడు జిందాబాదులు, ఒక కే. ఈసారి బాపు చప్పట్లు కొట్టేలోపు మేడం ఆయన్ని ఆపి, పుస్తకం చూపిస్తూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది. పాఠం చెబితే సగంలో ఆపే మనిషి కాదు ఆవిడ. వేలు పెట్టి నిటారు కే చూపించింది, తిరగబడ్డ కే చూపించింది, జిరాక్సు తీసి అది కూడా చూపించింది. బాపు చేతులు కట్టుకుని బడి పిల్లాడిలా తలూపుతూ విన్నాడు. ఆ తరువాత భుజం మీది తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. గట్టు మీదికి తిరిగి పోలేదు. బల్ల పక్కనే నిలబడిపోయాడు.

నాకు ఏడుపొచ్చింది. సారు తిట్టినా, జట్టు నవ్వినా రాని ఏడుపు అది. కోపం కూడా వచ్చింది, నా నోటి మీద.

చివరి వంతు వచ్చేసరికి మేము ఒక్క పరుగు వెనకబడి ఉన్నాం. మావాళ్లు ఇద్దరు ఔట్. బేసులన్నీ ఖాళీ. బ్యాటు నా చేతిలో. మొదటి బంతి పోయింది. జిందాబాద్. రెండో బంతి పోయింది. జిందాబాద్. మామ పక్కన కూర్చున్న ఒకాయన గడియారం చూసుకుని చాయ్ గ్లాసు మీద అరచెయ్యి మూత పెట్టాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మూడో బంతి వచ్చింది. కళ్లు మూసుకుని ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఊపాను.

ధన్!

అంత పెద్ద చప్పుడు నేను నా జన్మలో వినలేదు. కాళ్ల కింద నేల అదిరింది. చేతులకు మాత్రం ఏమీ తగల్లేదు. వెన్నలో కత్తి! సారు చెప్పిందే నిజం. కొట్టాను. మామూలుగా కాదు, భూపాలపల్లి అదిరేటట్టు కొట్టాను.

కళ్లు తెరిచి బంతి కోసం ఆకాశం వెతికాను. కనబడలేదు. ఎంత దూరం పోయి ఉంటుందో అనుకుని అట్లాగే తలెత్తి నిలబడిపోయాను. జరిగింది ఏమిటంటే, పక్కనే ఉన్న ఓపెన్‌కాస్టు గనిలో రోజూ ఆ వేళకు బ్లాస్టింగు చేస్తారు, మందు పెట్టి బండలు పేలుస్తారు. అక్కడివాళ్లకు అది అలవాటు, దుమ్ము పడకుండా చాయ్ మూసుకుంటారు, అంతే. గంగారం పిల్లకు అలవాటు లేదు. బెదిరి చెయ్యి వదిలేసింది, బంతి ఆ పిల్ల వెనక్కి దొర్లిపోయింది. అయితే ఆ పిల్ల గానీ వాళ్ల జట్టు గానీ బెంగ పడలేదు. మూడో స్ట్రైక్, మూడో ఔటు, ఆట ముగిసింది అనుకుని ఒకరినొకరు కౌగిలించుకుంటూ మైదానం ఖాళీ చేస్తున్నారు. మా సారు కూడా చాప చుట్టబోయాడు. అంపైరు ఒక్కడే ఇంకా ఔటని చెప్పకుండా నిలబడి చూస్తున్నాడు.

అప్పుడు లెక్క రాసే బల్ల దగ్గరి నుంచి ఒక కేక.

"ఉరుకు బిడ్డా! పట్టలే! ఆ పిల్ల పట్టలే! ఉరుకు!"

మా బాపు. అంపైరునూ మేడాన్నీ వదిలేస్తే ఆ మైదానంలో ఉన్న అంతమందిలో ఆ నియమం గుర్తున్నవాడు ఆయనొక్కడే, ఎందుకంటే మేడం పాఠంలో అది విని పావుగంట కూడా కాలేదు. ఆయన ఏది పట్టలేదంటున్నాడో నాకు తెలియలేదు. ఆకాశంలో పోయిన నా బంతిని ఎవరూ పట్టలేదని అనుకున్నాను. బ్యాటు కింద పడేయడం కూడా మరిచిపోయి, చేత్తో పట్టుకునే ఉరికాను. చెప్పాను కదా, కాళ్లు పొడుగు. యూరియా సంచి మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాను.

అక్కడినుంచి ముందుకు పోలేదు. ఇది మాత్రం మా సారు ఇప్పటికీ క్షమించలేదు. బంతి గంగారం పిల్ల వెనకాల అనాథగా పడి ఉంది. కాపలా ఉండాల్సిన వాళ్లంతా బయట ఉన్నారు. ఆగకుండా సంచులన్నీ చుట్టి ప్లేటు దాకా వస్తే ఒక పరుగై ఆట సమానమయ్యేది.

"ఉరుకు! ఇంక ఉరుకు! రెండో దానికి వో! ఏయ్ పొడుగుదానా, వో!" అని సారు గొంతు చించుకుంటున్నాడు. నాకు వినబడుతూనే ఉంది. కదలబుద్ధి కాలేదు. ఏడాదంతా దూరం నుంచి చూసిన సంచి అది. కాలి కింద ఇసుక మెత్తగా, వెచ్చగా ఉంది. నేను బ్యాటు పైకెత్తి బాపు వైపు చూశాను. ఆయన తువ్వాల గాలిలో తిప్పుతున్నాడు. గట్టు మీద కార్మికులందరూ లేచి నిలబడి ఈసారి నిజంగానే జిందాబాద్ కొట్టారు. అంత సంతోషం నాకు మళ్లీ పదో తరగతి పాసైనప్పుడు కూడా కలగలేదు.

ఈలోగా వాళ్లు తిరిగి లోపలికి వచ్చారు. తరువాతి పిల్ల మొదటి బంతికే క్యాచ్ ఇచ్చింది. ఒక్క పరుగుతో ఓడిపోయాం. మేడం పుస్తకం చూపించింది. నా గడిలో చక్కగా, నిటారుగా, కే. బేస్ చేరినా సరే, మూడో స్ట్రైక్ మూడో స్ట్రైకే కాబట్టి ఆ అక్షరం తప్పదట. పక్కన ఫస్ట్ బేస్ దాకా ఒక చిన్న గీత మాత్రం గీసింది. నా వరుస మొత్తంలో అదొక్కటే గీత.

తిరుగు బస్సులో బాపు కిటికీ పక్క కూర్చున్నాడు. పరకాల ఇంకా రాలేదు. నేనే మొదలుపెట్టాను.

"బాపూ, కే అంటే..."

"మేడం జెప్పింది."

"కోపమొచ్చిందా?"

ఆయన తువ్వాల భుజం మీద సర్దుకున్నాడు.

"కొట్టుడన్నవ్, సరే. ఎడమదిక్కు కొట్టుడన్నవ్ సూడు, గది జర ఎక్కువైంది."

నేను తల దించుకున్నాను. ఆయన నా వైపు తిరిగాడు.

"ఒకటి జెప్పు. నేను ఉరుకుమన్నప్పుడు ఎందుకట్ల ఆకాశం దిక్కు సూసుకుంట నిలవడ్డవ్?"

"బంతి కోసం బాపూ. కొట్టిన్ననుకున్న. సప్పుడు ఇనవడ్డది గద."

బాపు నోరు తెరిచి నన్ను చూశాడు. ఆ తరువాత నవ్వడం మొదలుపెట్టి హనుమకొండ బస్టాండు దాకా ఆపలేదు. మధ్యలో తేరుకుని "బాయి పేలితె... తనే కొట్టిన్ననుకున్నదట..." అని ముందు సీటాయనకు చెప్పి మళ్లీ నవ్వాడు. నాకు ఉక్రోషం వచ్చింది గానీ ప్రాణం తేలికపడింది.

ఆ యాసంగిలో, అంటే రబీలో, పండిన వడ్లు కొనుగోలు కేంద్రానికి తోలినప్పుడే బస్తాల మీద మొదటిసారి ఆ అక్షరం చూశాను. ఏమిటని ఎవరు అడిగినా బాపు నవ్వకుండా "కే అంటే కొట్టుడు" అని చెప్పేవాడు. నా అబద్ధాన్ని నాకే ఏటా అప్పజెప్పేవాడు. నేను పక్కనుంటే ఇంకా గట్టిగా చెప్పేవాడు.

ఇప్పుడు నేను జనగామలో ఒక బడిలో లెక్కలు చెబుతాను, ఆటల పీరియడ్ కూడా నాకే అంటగట్టారు. ఈసారి వడ్లు కాంటా పెట్టే రోజు సెలవు దొరికి బాపుతో పోయాను. కొత్తగా వచ్చిన హమాలీ మా బస్తా కాంటా మీదికి ఎత్తుతూ ఆగాడు.

"పెద్దనాయినా, గీ కే ఏంది? నీ పేరుల లేదు గద."

నేను మామూలు జవాబు కోసం సిద్ధంగా ఉన్నాను. బాపు బస్తాను చూశాడు, నన్ను చూశాడు.

"కే అంటే ఔటని," అన్నాడు. "గని అవతలోళ్లు పట్టకుంటే, ఔటైనంక గూడ ఉరకొచ్చు."

"గదేంది పెద్దనాయినా? ఔటైనంక ఉరుకుడేంది?"

"నాకేం ఎరుక. ఉరికినామెనడుగు," అని బాపు నా వైపు గడ్డం చూపించాడు.

హమాలీ బస్తాను అట్లాగే పట్టుకుని నా వైపు తిరిగాడు. నేను గొంతు సవరించుకుని, చంకల దగ్గరి నుంచి మొదలుపెట్టాను.